ఏరిత్ ఉన్నట్టా, లేనట్టా?

మహారాజశ్రీ నవోకి హమగుచి గారికి,
దర్శకులు, 'ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్',
స్క్వేర్ ఎనిక్స్ సంస్థ, టోక్యో.

విషయం: తమరి ఆట రెండో భాగంపై సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆటగాళ్ల అభిప్రాయాలు చిత్తగించి, మూడో భాగంలో తగు చర్య తీసుకోవలసిందిగా విన్నపం.

సూచిక: 1997 జనవరి 31న జపానులో విడుదలైన మూడు సీడీల అసలు ఆట, 2020 ఏప్రిల్ 10 నాటి మొదటి భాగం 'రీమేక్', 2024 ఫిబ్రవరి 29 నాటి రెండో భాగం 'రీబర్త్'.

అయ్యా,

పై విషయమై మూడూళ్ల ఆటగాళ్లం చేసుకునే మనవి ఏమనగా:

మా ఊళ్లు మీ పటంలో లేవని తెలుసు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు హైవే మీద ముందు సూర్యాపేట వస్తుంది, తర్వాత కోదాడ, అది దాటితే ఆంధ్రప్రదేశ్. మిర్యాలగూడ హైవేకు దూరంగా, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, రైస్ మిల్లుల నడుమ ఉంటుంది. మిర్యాలగూడకు రైలుంది, సూర్యాపేటకు లేదు. ఈ ఒక్క సంగతి మీద మాలో మాకున్న తగువు మీ ఆటకంటే పాతది. అయినా మీ ఆట దగ్గరికొచ్చేసరికి ఒక్కటయ్యాం. ఎందుకంటే మూడూళ్లవాళ్లం చందా వేసుకుని కొన్నది ఒక్కటే కాపీ. అందులో రెండు డిస్కులు పెట్టారు: ఒకటి ఎక్కించడానికి, ఒకటి ఆడటానికి. ఎక్కించే డిస్కు కోదాడలో ఉండగా ఆడే డిస్కు హుజూర్‌నగర్ మీదుగా ఆర్టీసీ బస్సులో మిర్యాలగూడ చేరిన సందర్భాలున్నాయి. అప్పుడు తిట్టుకున్న తిట్లు మీకు చెందవు, మేమే పంచుకున్నాం.

మా పరిస్థితి కొంచెం చెప్పుకోవాలి. ఈ ఆట నడిచే మెషీన్ పీఎస్5 మా దేశానికి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. అప్పట్లో డిస్కు మెషీన్ ధర 49,990 రూపాయలు. ఆ డబ్బు పెడితే మా దగ్గర నడిచే కండిషన్‌లో సెకండ్ హ్యాండ్ బండి వస్తుంది, దాని మీద పెళ్లికి కూడా పోవచ్చు. కాబట్టి ఎక్కువమంది గేమింగ్ జోన్‌కు పోయి గంటకింత అని కట్టి ఆడతారు. అక్కడ క్రికెట్, ఫుట్‌బాల్, కుస్తీ నడుస్తాయి. రోల్ ప్లేయింగ్ ఆట నడవదు. మొదటి గంట మీ పాత్రలు మాట్లాడుకోవడానికే సరిపోతుంది, ఆ తర్వాత షాపతను 'టైమైపోయింది తమ్మీ' అంటాడు. కథ ఒక్కటే నలభై గంటలు, అన్నీ ముట్టుకుంటూ పోతే నూరు దాటే ఆటను ఇంట్లోనే ఆడాలి. ఇంట్లో అంటే నాన్న చర్చా కార్యక్రమాలకూ అమ్మ సీరియల్‌కూ పోగా మిగిలిన టీవీలో. ఇంత కష్టపడి ఆడినవాళ్లం గనక మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాం.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. పాత కథను అక్షరం కదలకుండా చెప్పాల్సింది పోయి మార్చేశారని మీ మీద, క్రియేటివ్ డైరెక్టర్ నొమురా గారి మీద, కథ రాసిన నొజిమా గారి మీద ప్రపంచమంతా ఒక వర్గం మండిపడుతోంది. ఆ వర్గంలో మేం లేము. కథ మార్చడమంటే మాకు భయం లేదు. 1957లో కె.వి. రెడ్డి గారు 'మాయాబజార్' తీశారు. భారతం కథే, కానీ సినిమా మొత్తంలో పాండవులు కనబడరు. శశిరేఖ పెళ్లి వ్యాసుడి భారతంలో లేనే లేదు. వ్యాసుడికి అన్యాయం జరిగిందని ఇన్నేళ్లలో మా ఇళ్లలో ఒక్కరూ అన్నది లేదు. ఘటోత్కచుడు పెళ్లివంటలు లాగిస్తుంటే పక్కన కూర్చుని మేమూ తింటూ చూస్తాం.

ఆలస్యం మీద కూడా మా ఫిర్యాదు లేదు. మొదటి భాగానికీ రెండోదానికీ నడుమ నాలుగేళ్లకు కాస్త తక్కువ. దురాజ్‌పల్లిలో మా పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకోసారి వస్తుంది. మీరు పని ముగించేలోపు 2021లో ఒకటి, 2023లో ఒకటి, రెండు జాతరలు అయిపోయాయి. రెండుసార్లూ 'ఓ లింగా' అనుకుంటూ గట్టెక్కి దిగాం, మీ ఆట కోసం ప్రత్యేకంగా మొక్కుకున్నది లేదు.

ఇక మెచ్చుకోలు. సంగీతానికి 2024 గేమ్ అవార్డ్స్‌లో బహుమతి వచ్చింది, మేం కొత్తగా చెప్పేదేం లేదు. మేం చెప్పాలనుకున్నది ఆటలోని బారెట్ గురించి. కోరెల్ అనే బొగ్గు గనుల ఊరు. షిన్రా కంపెనీ వచ్చి మాకో రియాక్టర్ కడతామంటుంది. బారెట్ స్నేహితుడు డైన్ వద్దంటాడు. బారెట్ కావాలంటాడు, బొగ్గుకు కాలం చెల్లింది, పిల్లలకు మంచిరోజులొస్తాయని. రియాక్టర్ వచ్చింది, పేలింది, నెపం ఊరి మీద పడింది, ఊరు తగలబడింది. బారెట్ భార్య పోయింది, చెయ్యి పోయింది. డైన్ కూతుర్ని తన కూతురిగా పెంచుకుంటూ, తన ఊరికి తానే కరెంటు పిలిచానన్న బరువుతో తిరుగుతున్నాడు.

మిర్యాలగూడకు దగ్గర్లో, దామరచర్ల మండలం వీర్లపాలెంలో యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. ఒక్కోటి 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. 2015 జూన్‌లో శంకుస్థాపన. మాది షిన్రా కాదు, సర్కారు కంపెనీ, ఊళ్లు తగలబెట్టిన దాఖలా లేదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. కానీ భూమి ఇవ్వాలా వద్దా, కరెంటు వస్తే కొలువు వస్తుందా, పొగ ఎటు పోతుంది అన్న మాటలు హోటల్ బల్లల దగ్గర వింటూ పెరిగినవాడికి బారెట్ ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేదు. విమర్శకులు బారెట్‌ను గట్టిగా అరిచే విప్లవకారుడు అంటారు. మిర్యాలగూడ తమ్ముడు మాత్రం ఒక్క మాటన్నాడు: 'వద్దన్నోని బాధ అందరికీ తెలుస్తదన్నా, కావాలన్నోని బాధ ఈ ఆటలోనే చూసిన.' ఈ వాక్యం మీ గోడ మీద పెట్టుకోవచ్చు, మాకు అభ్యంతరం లేదు.

పెట్టుకున్నాక దాని కింద ఇది కూడా రాసుకోండి. డైన్ ఒళ్లంతా తూటాలతో పడిపోయాడు. బారెట్ గుండె బద్దలైంది. మేం కళ్లు తుడుచుకోవడానికి కంట్రోలర్ కిందపెట్టబోతున్నాం. అంతలో పామర్ అనే బొద్దుమనిషి కప్ప లాంటి యంత్రమెక్కి గంతులేస్తూ వచ్చాడు. ఏడుపు ఇంట్లో డీజే పెట్టినవాణ్ని మా దగ్గర ఏమంటారో ఈ లేఖలో రాయలేం. ఎవరు ఓకే చేశారండీ ఆ సీను?

చాడ్లీ అనే కుర్ర శాస్త్రజ్ఞుడి గురించి మూడూళ్లదీ ఒకటే మాట. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. రాష్ట్రమంతా ఇళ్లలో కూర్చుంది, ఒక్కరోజులో అయిపోయింది. చాడ్లీ సర్వే ఆరు ప్రాంతాల్లో నడుస్తుంది. టవరెక్కితే ఫోను, రాయి కనబడితే ఫోను, పక్షిని కొడితే ఫోను. ప్రపంచం నాశనమైపోతోంది, విలన్ సెఫిరోత్ వెనక పరిగెత్తాలి, ఈ అబ్బాయి మాత్రం ఇంకో రెండు ఊటలు చూసి రమ్మంటాడు. కోదాడ వాళ్లు ఓపికస్తులు, మొత్తం పూర్తి చేశారు. వాళ్లు కూడా చివర్లో వాడి గొంతు వినబడగానే టీవీ సౌండు తగ్గించారు.

షిన్రా మేడలో పిల్లి బొమ్మ కెయిట్ సిత్ చేత పెట్టెలు విసిరించిన ఘట్టం గురించి పొడుగ్గా రాయం. మిర్యాలగూడ మిల్లుల్లో హమాలీకి బస్తాకింత అని లెక్క ఉంటుంది. మాకు ఒక్క రూపాయీ ముట్టలేదు. చిన్న చిన్న ఆటల్లో జూనన్ కవాతు మాత్రం భలే నచ్చింది: షిన్రా యూనిఫారాలేసుకుని, కొత్త నాయకుడి ముందు లైను తప్పకుండా నడవడం. బహిరంగ సభలకు లారీల్లో పోయొచ్చిన ఊళ్లవాళ్లం, ఆ పని మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి.

1997 ఆటలో మొదటి సీడీ చివర సెఫిరోత్ కథానాయిక ఏరిత్‌ను చంపుతాడు. చేతులకు వేళ్లు కూడా లేని బొమ్మలవి. కథానాయకుడు క్లౌడ్ ఆమెను మోసుకెళ్లి నీళ్లలో వదిలేస్తాడు. ఆమె పడిపోయిన వెంటనే వచ్చే పోరులో కూడా పోరు సంగీతం పెట్టకుండా సంగీత దర్శకుడు ఉయెమత్సు గారు ఏరిత్ బాణీనే కొనసాగించారు. కత్తి దూస్తున్నా చెవిలో ఆ అమ్మాయే. అప్పట్లో ఆడినవాళ్లు ఇప్పటికీ ఆ పాట వింటే మాట్లాడరు. ఎన్ని మంత్రాలు నేర్చినా, ఎన్ని లెవెళ్లు పెంచినా మనిషి తిరిగి రాదని ఒక ఆట చెప్పడం అదే మొదటిసారి మాలో చాలామందికి.

మీ ఆటలో అదే చోటికి వచ్చాం. 1997 నాటి పాత సంగతి, దాచేది ఏముంది. క్లౌడ్ కత్తితో సెఫిరోత్ కత్తిని పక్కకు తోసేశాడు. బతికింది అనుకున్నాం. తెర చెదిరింది. రక్తం కనబడింది. మళ్లీ లేదు. ఆ వెంటనే ఒకటి తర్వాత ఒకటి పోరాటాలు, అందులో క్లౌడ్ పాత స్నేహితుడు, ఎప్పుడో పోయిన జాక్ కూడా కత్తి పట్టుకుని దిగాడు. అన్నీ అయ్యాక స్నేహితులందరూ ఏడుస్తున్నారు. క్లౌడ్ ఒక్కడికి మాత్రం ఏరిత్ పక్కనే నిలబడి కనబడుతోంది, మాట్లాడుతోంది. నీళ్లలో వదిలే దృశ్యం మాకు చూపించలేదు.

ఆ రాత్రి మూడూళ్లకూ ఫోన్లు తిరిగాయి. సూర్యాపేట వాదన: చచ్చిపోయింది, క్లౌడ్‌కు బుర్ర చెడింది. కోదాడ వాదన: ఒక లోకంలో చచ్చింది, ఇంకో లోకంలో బతికుంది, సరిహద్దు ఊరోళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. మిర్యాలగూడ వాదన: ఇదంతా మూడో భాగం అమ్మడానికి పెట్టిన తిరకాసు. ఒప్పందం కుదరలేదు. ఈ లేఖ రాస్తున్న నాకైతే మూడూ నిజమే అనిపిస్తాయి, అదే నా బాధ.

ఉత్కంఠ అంటే మాకు పడదని కాదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్న మీద 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా దేశమంతా బతికింది. కానీ అక్కడ చంపింది నిజం. కత్తి దిగింది, మనిషి పడ్డాడు, ఎందుకు అన్నదొక్కటే మిగిలింది. మీరు 'ఎందుకు' అడగనివ్వలేదు, 'జరిగిందా' అని అడిగిస్తున్నారు. జరిగిందో లేదో తెలియనిదానికి ఎవరు ఏడుస్తారు?

ఇందాకటి మాయాబజార్‌కే వద్దాం. అందులో శశిరేఖను పెళ్లాడిన అభిమన్యుడు రేపు పద్మవ్యూహంలో పడిపోతాడని చూసేవాళ్లందరికీ తెలుసు. సినిమా ఆ సంగతి ఎత్తలేదు, పెళ్లి చేసి హాయిగా పంపించింది. అదీ ఒక పద్ధతే, మాకు సమ్మతమే. మీరు ఏరిత్‌ను పూర్తిగా బతికించినా మేం చప్పట్లు కొట్టి ఉండేవాళ్లం. పద్మవ్యూహం దాకా తీసుకుపోయిన చిందు కళాకారులు గానీ, బుర్రకథ దళాలు గానీ ఏం చేశారు? అభిమన్యుణ్ని పడగొట్టారు, ఉత్తరను ఏడిపించారు, ఊరిని ఏడిపించారు. కుర్రాడు ఇంకో లోకంలో బతికే ఉన్నాడు, ఉత్తరకు మాత్రం కనబడుతున్నాడు, మిగతాది వచ్చే ఏడు జాతరలో అని చెప్పి హారతి పళ్లెం తిప్పలేదు. తిప్పి ఉంటే పళ్లెంలో రాళ్లు పడేవి.

ఇది జపానువాళ్ల మీద కోపం అనుకోకండి. మావాళ్లనూ వదల్లేదు. 2009లో హైదరాబాదు ఆరోనా టెక్నాలజీస్ వాళ్లు పీఎస్2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' చేశారు. పూర్తిగా ఇండియాలో తయారైన తొలి ప్లేస్టేషన్ ఆటగా పేరొచ్చింది. దేవుణ్ని కంట్రోలర్‌తో ఆడించడమేమిటని అమెరికాలో ఒక హిందూ నాయకుడు అభ్యంతరం చెప్పారు. ఆటగాళ్ల అభ్యంతరం వేరు, ఆట బాగాలేదని. సొంత హనుమంతుడికే మార్కులు తగ్గించినవాళ్లం, క్లౌడ్‌కు ఎందుకు మినహాయిస్తాం?

కావున మూడో భాగంలో ఈ కిందివి మంజూరు చేయవలసిందిగా ప్రార్థన. ఏరిత్‌ను ఏదో ఒకటి తేల్చండి, చంపితే నీళ్లలో వదిలే దృశ్యం మాకు ఇవ్వండి, క్లౌడ్ జట్టులోని టీఫాకూ బారెట్‌కూ ఏడవడానికి సమయం ఇవ్వండి, ఆ అరగంటలో ఎవరూ కప్ప మీద రాకూడదు. చాడ్లీకి ఫోను రీచార్జి చేయించవద్దు. ఆట సైజు ఇప్పటికే 150 జీబీకి దగ్గర్లో ఉంది, పెట్టెలు విసిరే భాగం తీసేస్తే కొంత ఖాళీ అవుతుంది. తెలుగులో సబ్‌టైటిళ్లు అడగాలని కోదాడ వాళ్లు పట్టుబట్టారు. అడిగాం, రాశాం, మీ చిత్తం.

ఇట్లు,
తమ విధేయులు,
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆటగాళ్లు.

తా.క.: మీ ఆటలోని 'క్వీన్స్ బ్లడ్' పేకలాట మాలో సగం మందికి అసలు కథకంటే ఎక్కువ పట్టుకుంది. పదిహేను కార్డుల కట్ట, మూడు వరసల బల్ల, కోదాడలో రాత్రిళ్లు అదే పని. తెలంగాణలో గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించారు. తెరమీద కార్డులు చూసిన పెద్దలు అనుమానిస్తున్నారు. ఇందులో డబ్బులు పెట్టడం లేదని, ఇది పేకాట కాదని సంస్థ ముద్రతో ఒక ధ్రువీకరణ పత్రం పంపగలరు. మూడు ప్రతులు చాలు, జిరాక్స్ మేం తీయించుకుంటాం.