లెక్క నా దగ్గర ఉంది

నేను నీటి మీటరును. హైదరాబాదులో ఒక పాత కాలనీలో, గేటు పక్క గుంతలో ఉంటాను. నాకు ముందున్న పైపు నగరానికి నీళ్లిచ్చే జలమండలిది, నా తరవాతిది ఇంటివాళ్లది. ఇద్దరి పొలిమేరలో ఉన్నాను కాబట్టి రెండు వైపుల సంగతీ నాకు తెలుసు.

నా ఒళ్లు ఇత్తడి. లోపల చిన్న చక్రం ఉంటుంది. నీళ్లు తోస్తే అది తిరుగుతుంది, ఆ తిరుగుడు పళ్లచక్రాల మీదుగా అంకెలకు చేరుతుంది. చివరి నల్ల అంకె ఒక్కటి మారిందంటే వెయ్యి లీటర్లు ఇంట్లోకి వెళ్లినట్టే. ఎర్రవి అంతకన్నా చిన్న లెక్క చూపిస్తాయి. అద్దం కింద చిన్న నక్షత్రం కూడా ఉంది. సన్నటి ధార పారినా ముందు కదిలేది అదే.

ఈ నీళ్లు ఎక్కడివో కూడా చెప్పాలి. 1908 మూసీ వరద తరవాత తలపెట్టిన ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు) 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరం కన్నా మెరకలో ఉండటంతో గండిపేట నీళ్లు పల్లానికి వాటంతటవే దిగివచ్చేవి. ఊరు పెరిగాక మంజీర, సింగూరు కలిపినా చాలలేదు. ఇప్పుడు నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తున్నాయి. దారిలో మోటార్లతో ఎత్తిపోయాలి, శుద్ధి చేయాలి. ఆ కరెంటు, ఆ శ్రమ నా అంకెల్లో కనబడవు. అందుకే నోరు విప్పాను.

2021 జనవరిలో ఇళ్లకు నెలకు 20 వేల లీటర్లు ఉచితమన్నారు. బస్తీలు తప్ప మిగతా ఇళ్లకు పనిచేసే మీటరు ఉండాలన్నారు. దాంతో ఎన్నడూ నా మూత తీయనివాళ్లు కూడా వంగి చూడసాగారు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది ప్రమాణం. ఆ లెక్కన ఐదుగురికి నెలకు 20,250 లీటర్లు. అంటే ఆ 20 వేలు ఒక కుటుంబం అవసరానికి దాదాపు సరిపోతాయి. ఉచితం అన్నంత మాత్రాన విలువ పోలేదు, అవసరం ఎంతో తెలిసింది.

ఒక ఎండాకాలం మా ఇంట్లో లెక్క ఆ 20 వేల గీత దాటింది. రీడింగు తీసే అబ్బాయి గేటు తట్టాడు.

"అమ్మా, పోయిన నెలకన్నా మస్తు తిరిగింది. సంపు పొర్లుతుందా?"

"అవును బిడ్డా, నల్లా వచ్చిన రోజు నీళ్లు గేటు బయటిదాకా పోతయి."

"బాల్ వాల్వు ఖరాబైనట్టుంది. మార్పియ్యండమ్మా."

మార్పించారు. మరుసటి నెల వాడకం మళ్లీ గీత లోపలికి దిగింది. ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. నల్లా వస్తుండగా సంపు నిండి వాల్వు మూసుకున్నాక కూడా నా నక్షత్రం తిరుగుతుంటే, నీళ్లు ఎక్కడో పోతున్నట్టే.

నా దాకా రాకముందే రోడ్డు కింద కారిపోయే నీళ్లు మాత్రం నా లెక్కకు అందవు. వాన లేకున్నా వీధిలో ఒకచోట ఎప్పుడూ తడిగా ఉంటే ఆ అమ్మగారే జలమండలి నంబరు 155313కు ఫోన్ చేశారు. లైన్‌మన్ వచ్చి తవ్వించి పగిలిన పైపు అతికించాడు. ఆ తరవాత నల్లా వచ్చిన రోజు నా చక్రాన్ని నీళ్లు ఇంకా బలంగా తోశాయి.

వాన నీళ్లూ నా గుండా రావు. కానీ వాటి లెక్క సులువే. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద పడేది 80 వేల లీటర్లు, అంటే నాలుగు నెలల ఉచిత నీళ్లంత. కొంత ఆవిరైనా, మిగతాది ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే భూమిలో నిలవ ఉంటుంది. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన కాలనీలకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

బిల్లు వేసే యంత్రంగానే నన్ను చూడకండి. నెలకోసారి నా అంకె రాసి పెట్టుకోండి, నెలల మధ్య తేడా పెరిగితే ఎందుకు పెరిగిందో వెతకండి. నాకు అవతల పైపు కారకుండా జలమండలి చూడాలి, ఇవతల వృథా కాకుండా మీరు చూడాలి. ఇద్దరూ తమ తమ వైపు కాపాడుకుంటే మిగిలే నీళ్లు, లైను చివర ధార సన్నగా వచ్చే ఇళ్లకు చేరతాయి.