కుర్చీ కదలకుండా ప్రాణరక్షణ: కొత్త కోఆర్డినేటర్‌కు చిట్కాలు

అమ్మా, క్యాంపస్‌లో కొత్తగా పెట్టిన ఆత్మహత్యల నివారణ విభాగానికి నిన్ను కోఆర్డినేటర్‌గా వేశారని తార్నాక చౌరస్తాలో టీ తాగుతుంటే తెలిసింది. సంతోషం. ఆర్డరు చేతికి రాగానే పిల్లల దగ్గర కూర్చుని వాళ్ల బాధలు వినాలని ఉబలాటపడుతున్నావట. అది కౌన్సెలర్ల పని. నీది ఆఫీసు పని. ఫోన్లు, రిజిస్టర్లు, అపాయింట్‌మెంట్లు, ఉత్తరాలు. వీటికీ ప్రాణాలకీ ఏ సంబంధమూ లేదని ముందుగా మనసులో నాటుకో. నేను సూపరింటెండెంట్‌గా రిటైరైన వాణ్ని, ఫైలు నడక తెలిసినవాణ్ని. అడగకపోయినా చెప్పడం మా తరం అలవాటు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

1. గది దగ్గరే సగం పని తేల్చెయ్యి

చెట్ల వెనక, ఎవరి కంటా పడకుండా వచ్చిపోయే గది ఇస్తామంటే ఒప్పుకోకు. పరీక్ష ఫీజు కౌంటరుకు సరిగ్గా ఎదురుగా ఉన్న గది అడుగు. మెమో కోసం, టీసీ కోసం లైన్లో నిలబడ్డ వాళ్లంతా చూస్తుండగా ఆ పిల్లాడు నీ తలుపు తీయాలి. బోర్డు మీద ‘మానసిక’ అన్న మాట మూరెడు అక్షరాల్లో ఉండాలి. ‘ఎర్రగడ్డ ఆస్పత్రికి పంపిస్తా’ అని సరదాకి తిట్టుకునే ఊరు మనది. ఆ భయం మనకు జీతం లేకుండా దొరికిన వాచ్‌మన్.

హెల్ప్‌లైన్ నంబర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి తండ్రి కోర్టుకెక్కితే, ఆ సుక్‌దేబ్ సాహా కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. హాస్టళ్లలో, తరగతి గదుల్లో, వెబ్‌సైట్లో ఈ నంబర్లను పెద్ద అక్షరాల్లో స్పష్టంగా పెట్టాలంది. కోర్టు మాట కాదనలేం, పాటిద్దాం. పెద్ద అక్షరాల్లో ముఖ్య అతిథి పేరు, స్పష్టంగా పోషకుల పేర్లు వెయ్యి. నంబరు కింద మూలన, ఫ్లెక్సీ కొట్టినవాడి సెల్ నంబరు పక్కన పడితే చాలు.

2. వేళలు ఖరారు చెయ్యి

పదిన్నర నుంచి అయిదు. మధ్యలో లంచ్. రెండో శనివారం సెలవు. లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివేవాళ్లు రాత్రి పొద్దుపోయేదాకా పుస్తకాల మీదే ఉంటారు. నోటిఫికేషన్ వాయిదా పడ్డ వార్త, రిజల్టు, ఊరి నుంచి ‘ఉద్యోగం ఏమైంది బిడ్డా’ అనే ఫోను, అన్నీ చీకటి పడ్డాకే వస్తాయి. రూమ్మేట్లు పడుకున్నాక ఒక్కడే మెలకువగా ఉండే గంటలు కొన్ని ఉంటాయి. ఆ గంటల్లో నీ గదికి తాళం ఉండాలి. బాధ కూడా ఆఫీసు వేళలకు అలవాటు పడాలి కదా. క్రమశిక్షణ లేకపోతే ఎట్లా?

3. దరఖాస్తు నాలుగు పేజీలకు తగ్గకూడదు

మొదటి పేజీలో హాల్‌టికెట్ నంబరు, ఆధార్, తండ్రి పేరు, ఆయన వార్షిక ఆదాయం. రెండో పేజీలో ‘సమస్యను యాభై మాటలకు మించకుండా రాయుము’. మూడో పేజీలో హెచ్ఓడీ ఫార్వర్డింగ్ సంతకం. ఆ పిల్లాడి బాధకు హెచ్ఓడీయే కారణమైనా సరే, త్రూ ప్రాపర్ ఛానల్ రావాల్సిందే. నాలుగో పేజీలో తల్లిదండ్రుల సమ్మతి. వచ్చినవాడు పాతికేళ్ల పరిశోధక విద్యార్థి అయినా మినహాయింపు ఇవ్వకు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 అని ఒకటి ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 23వ సెక్షన్ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. 115వ సెక్షనయితే, ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అంటుంది. పైగా అలాంటి వాళ్లకు సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిదట. ఈ రెండు సెక్షన్లూ బీరువాలో పెట్టి, ఆ బీరువా మీద దరఖాస్తుల కట్ట పెట్టు. పై కాగితం మీద పేరు అందరికీ కనపడాలి. అటెండర్‌కు వెతుక్కునే శ్రమ తప్పుతుంది.

4. ఫోను మోగితే మోగనీ

ఈ విషయంలో మనం అమెరికా వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. మాజీ సైనికుల ఆత్మహత్యలు ఆపడానికి వాళ్లు 2007లో జాషువా ఓమ్‌విగ్ అనే సైనికుడి పేరిట చట్టమే చేశారు. మాజీ సైనికుల ఆస్పత్రుల్లో ఈ పనికంటూ ప్రత్యేకంగా మనుషులను పెట్టారు. హెల్ప్‌లైన్ కూడా ఆ ఏడాదే తెరిచారు. ఇదంతా దుబారా. నేర్చుకోవాల్సింది 2016లో అక్కడి తనిఖీ అధికారులు బయటపెట్టిన ముచ్చట. లైను రద్దీగా ఉన్నప్పుడు కాల్స్‌ను బయటి కేంద్రాలకు మళ్లించేవాళ్లు. అక్కడ కొన్ని వాయిస్‌మెయిల్‌లోకి వెళ్లాయి. అలాంటి వాయిస్‌మెయిల్ ఒకటి ఉందనే సంగతి అక్కడి సిబ్బందికే తెలియదట!

చూశావా, ఎవడూ లంచం తినలేదు, ఎవడూ దుర్మార్గుడు కాదు. ఏ బటన్ నొక్కితే కాల్ ఎక్కడికి పోతుందో కనుక్కునే బాధ్యత ఎవరిదో కాగితం మీద లేదు, అంతే. ఆ బాధ్యత నీ జాబ్‌చార్టులోకి రాకుండా చూసుకో. మీ విభాగం నంబరుకు నువ్వే ఒకసారి బయటి నుంచి ఫోన్ చేసి చూద్దామన్న ఆలోచన ఎన్నడూ రానీయకు.

5. వచ్చిపోయినవాణ్ని మళ్లీ పలకరించకు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, శ్రద్ధగా చదువు. ఒకసారి వచ్చాడు, కౌన్సెలర్‌తో మాట్లాడాడు, రిజిస్టర్‌లో ‘డిస్పోజ్డ్’ అని రాశావు. అక్కడితో కథ కంచికి. వారం తర్వాత ఎట్లా ఉన్నావని ఫోను చేశావో, పాత ఫైలు తిరగదోడినట్టే.

ఈ ఫోన్ల గురించి కొందరు పెద్దవాళ్లు ప్రమాదకరమైన పరిశోధనలు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో ఒక ప్రయోగం చేయించింది. అందులో మన పక్కనున్న చెన్నై కూడా ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆస్పత్రికొచ్చిన 1,867 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపుకు దానితోపాటు గంటసేపు విడిగా మాట్లాడటం, ఆ తర్వాత 18 నెలల్లో 9 సార్లు ఫోను చేసో ఇంటికెళ్లో పలకరించడం. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆత్మహత్య చేసుకున్నవాళ్లు మొదటి గుంపులో 2.2 శాతం, పలకరించిన గుంపులో 0.2 శాతం.

అంతకుముందే శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు ఇంకా చవగ్గా చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఆస్పత్రి నుంచి వెళ్లాక చికిత్స కొనసాగించని 843 మందిలో కొందరికి అయిదేళ్లపాటు అప్పుడప్పుడూ చిన్న ఉత్తరాలు రాయించాడు. మందుల ఊసు లేదు, హితబోధ లేదు, రమ్మనడం లేదు. క్షేమమని తలుస్తామని, రాయాలనిపిస్తే రాయమని రెండు మూడు వాక్యాలు. ఉత్తరాలు అందినవాళ్లలో మొదటి రెండేళ్లూ ఆత్మహత్యలు తక్కువగా కనిపించాయి.

దీని అర్థం ఏమిటో గమనించావా? ఎవరికి ఏ తేదీన ఫోను చేయాలో ఒక రిజిస్టర్, ఎవరికి ఉత్తరం వెళ్లిందో ఒక పట్టిక. అంటే మన గుమాస్తా పనే! ఈ సంగతి పైవాళ్లకు తెలిస్తే పిల్లాడి ప్రాణానికి తపాలు సెక్షన్ కూడా జవాబుదారీ అవుతుంది. అందుకని ఈ రెండు పరిశోధనల పేర్లూ ఏ నోట్ ఫైలులోనూ రానీయకు.

6. పక్క సెక్షన్‌లోకి తొంగిచూడకు

నీ దగ్గరికి వచ్చే పిల్లలు మనసు బాగాలేదంటూ మొదలుపెట్టి, మెస్ బకాయి దగ్గర తేలుతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపారంటారు. ఫెలోషిప్ నెలలుగా పడలేదంటారు. గైడు థీసిస్ ముట్టుకోవడం లేదంటారు. నువ్వు లేచి స్కాలర్‌షిప్ సెక్షన్‌కు వెళ్లి ‘ఈ ఫైలు కాస్త చూడండి’ అన్నావంటే, ఆ పిల్లాడికి సగం భారం దిగిపోవచ్చు. కానీ సెక్షన్ల మధ్య సరిహద్దులు ఏమవుతాయి? ధ్యానం చేయమని చెప్పి పంపించు. అందులో ఇతర శాఖల ప్రమేయం లేదు.

2016 జనవరిలో గచ్చిబౌలి వైపున్న కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోయాడు. అతని ఆఖరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ తనకు రావాల్సి ఉందన్న మాట ఉంది. ఎవరైనా అది గుర్తుచేస్తే, ‘ఆత్మహత్యకు ఏ ఒక్క కారణమూ ఉండదు’ అని జవాబివ్వు. అది నిజమే. ఏ వైద్యుడైనా అదే చెబుతాడు. కారణాలు అనేకం గనుక, అందులో మన కౌంటరు దగ్గర తేలిపోయే కారణాన్ని కూడా ముట్టుకోనక్కరలేదని తేల్చెయ్యడమే మన పనితనం.

7. సూటిగా అడగకు

‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన పెద్దల నమ్మకం. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని, అడిగితే మనసు తేలికపడి చెప్పుకుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. వాళ్లకేం, జెనీవాలో కూర్చుని ఎన్నైనా చెబుతారు. నువ్వు మాత్రం ‘నీకేం తక్కువ నాయనా? మా కాలంలో బస్సు పాసు కూడా లేదు’ అని మొదలుపెట్టు. అవతలివాడు మళ్లీ నోరు విప్పడు. గది ప్రశాంతంగా ఉంటుంది.

8. శిక్షణ పనికిమాలిన ఖర్చు

బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలని ఆ సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లోనే ఉంది. బోధనేతర అంటే ఎవరనుకున్నావు? హాస్టల్ వాచ్‌మన్, మెస్‌లో వడ్డించేవాడు, లైబ్రరీ అటెండర్. రెండు రోజులుగా పళ్లెం పట్టుకుని రాని కుర్రాడెవరో వార్డెన్ కంటే ముందు మెస్ వాడికే తెలుస్తుంది. పుస్తకాలూ దుప్పటీ పక్క గదివాళ్లకు పంచిపెట్టేస్తున్న అమ్మాయిని ముందు చూసేది ఊడ్చే మనిషే. గేటు దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ ఆయన మాజీ సైనికుడైతే, నిద్రపట్టని రాత్రి అంటే ఏమిటో నీకంటే, నాకంటే బాగా ఎరిగుండవచ్చు. ఇటువంటి వాళ్లకు శిక్షణ ఇస్తే, వాళ్లు వచ్చి నీకు చెబుతారు. చెబితే నువ్వు లేవాలి. అంతదూరం తెచ్చుకోవడం దేనికి?

కౌన్సెలర్‌ను కూడా 11 నెలల కాంట్రాక్టు మీదే తీసుకో. పిల్లలకు ఆ మనిషి మీద గురి కుదిరేలోపు రెన్యువల్ ఆపెయ్యి. కొత్తవాళ్లకు మొదటి నుంచీ చెప్పుకోవడం పిల్లలకు మంచి వ్యాయామం.

9. సెప్టెంబర్ 10ని మాత్రం వదలకు

ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం. ఏడాది మొత్తానికి ఒక్కరోజు మనది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద గ్రూపు ఫోటో, అక్కణ్నుంచి ఎన్‌సీసీ గేటు దాకా ర్యాలీ, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. మాట్లాడేవాళ్లు ‘పిరికితనం’ అనే మాట నాలుగుసార్లన్నా వాడేట్టు చూడు. వెనక వరసలో కూర్చున్నవాడు ఇక జన్మలో నీ గది వైపు రాడు. దేశంలో 2022లో ఆత్మహత్య చేసుకున్నవారు 1,70,924 మంది అనీ, అందులో విద్యార్థులు 13,044 మంది అనీ జాతీయ నేర గణాంక సంస్థ లెక్క చెప్పించు. ఆ అంకెలు స్లైడు మీద ఉన్నంతసేపూ అందరూ గంభీరంగా ఉండాలి. స్లైడు మారాక సమోసాలు.

10. ఆ ఫోను నంబరు బయటపెట్టకు

2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అని మొదలుపెట్టింది. నంబరు 14416. అయిదే అంకెలు. దానికి ఫీజు లేదు, ఫారం లేదు, హెచ్ఓడీ సంతకం అక్కరలేదు, లంచ్ విరామం లేదు. అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు. తెలుగులో మాట్లాడతారు. కొడుకు గురించి బెంగపడే తల్లి చేసినా, రూమ్మేట్ గురించి భయపడే స్నేహితుడు చేసినా మాట్లాడతారు. ఇటువంటి సంస్థ ఉండగా మన నాలుగు పేజీల దరఖాస్తు ఎవరు నింపుతారు చెప్పు? హాస్టల్ గోడ మీద ఎవరైనా ఆ నంబరు రాస్తే సున్నం కొట్టించు.

నీ వాలకం చూస్తే నాకు నమ్మకం కుదరడం లేదమ్మా. ఒక సాయంత్రం అయిదున్నరకు, తాళం వేసే వేళకు, ఒకడు గడప దగ్గర నిలబడి ‘ఏమీ లేదు మేడమ్, ఊరికే వచ్చాను’ అంటాడు. నువ్వు తాళంచెవి బల్ల మీద పెట్టి, కూర్చోమని, సూటిగా అడిగి, చెప్పేదంతా విని, ఆ 14416కు నువ్వే కలిపి ఫోను వాడి చేతికిచ్చి, మాట్లాడటం అయ్యేదాకా పక్కనే కూర్చుంటావు. ఒంటరిగా పంపకుండా స్నేహితుణ్ని పిలిపిస్తావు. పొద్దున కౌన్సెలర్ దగ్గర టైము రాయించి, వారం తర్వాతి పేజీలో వాడి పేరు పెన్సిల్‌తో రాసుకుంటావు. ఫారం లేదు, ఇన్‌వర్డ్ నంబరు లేదు, ఏ అధికారి సంతకమూ లేదు. రేపు ఆడిట్ వాళ్లొచ్చి ఈ ఏడాది ఏం చేశావని అడిగితే చూపించడానికి నీ దగ్గర ఏముంటుంది, ఆ పిల్లాడు తప్ప?