శాలువా గుచ్చుకుంటుంది

ఏప్రిల్ 2 ప్రపంచ ఆటిజం అవగాహన దినం. 2007లో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేస్తే 2008 నుంచి జరుపుకుంటున్నారు. ఏప్రిల్ 4 మా శ్రీ సత్యసాయి జిల్లా పుట్టినరోజు. 2022లో పుట్టపర్తి కేంద్రంగా పుట్టింది. మధ్యలో రెండు రోజులే కాబట్టి ఒకే షామియానా అద్దెతో రెండూ గట్టెక్కించవచ్చని నిర్వాహకులు లెక్క వేసుకున్నారు. ముఖ్య అతిథికి తీరిక దొరక్క సభ తర్వాతి మంగళవారానికి జరిగింది. "ఆటిజం యాడికి పోతుందప్పా, మంగళవారం గూడా ఉంటాది" అన్నాడు కార్యదర్శి. ఆ సభ మొత్తం మీద ఆటిజం గురించి చెప్పిన నిజం అదొక్కటే.

ఆటిజం పిల్లలకు అండగా నిలిచిన వ్యక్తులకు, వ్యాపారులకు సన్మానం. బిరుదు పేరు ఇక్కడ రాయను. రాస్తే ప్రచారం చేశానని వచ్చే ఏడాది నాకూ తగిలిస్తారు. మా పక్కింటి జేజి, ఆమె మనవడు రమ్మంటే తోడు పోయాను. పిల్లాడికి తొమ్మిదేళ్లు. మనం అన్న మాటనే తిరిగి అంటాడు. డాక్టరు కాగితంలో అదొక లక్షణం. పుట్టపర్తిలో అదే మర్యాద. ఎదురైనవాళ్లు "సాయిరాం" అంటారు, వాడూ "సాయిరాం" అంటాడు. పలకరింపుకూ అదే మాట, పక్కకు జరగమనడానికీ అదే, సెలవు తీసుకోవడానికీ అదే. ఊరు ఊరంతా తన భాషే మాట్లాడుతుంటే వాడికేం లోటు? బెంగళూరు బస్సెక్కితేనే రోగి అవుతాడు.

హాలు గుమ్మానికి నీలం రంగు సీరియల్ బల్బులు కట్టారు. ఆటిజానికి నీలం రంగని ఎవరో చెప్పారట. అవి గబగబా వెలిగి ఆరుతుంటే పిల్లాడు కళ్లు మూసుకున్నాడు. లోపల మనిషెత్తు సౌండు బాక్సులు. చెవులు మూసుకున్నాడు. ఇంతలో మైకు కుయ్యిమంది, ఎవరో వాడి తల నిమిరారు, ఇంకెవరో అత్తరు చల్లారు. ఉన్నవి రెండే చేతులు, వేటినని మూసుకుంటాడు? మనకు వినబడే చప్పుడు ఇట్లాంటి పిల్లలకు ఒంటికి తగులుతుంది. ఆ సంగతి వేదిక మీద బ్యానరులోనే అచ్చేశారు. అక్షరాలు బాగా పెద్దవి కూడా.

మొదటి సన్మానం హాలు యజమానికి. ఈ సభకు హాలు ఉచితంగా ఇచ్చాడు. రెండోది ఒక బడి కరస్పాండెంటుకు. జేజి నా చెవిలో, "మనోన్ని చేర్చుకోమంటే సీట్లు అయిపోయినాయని చెప్పిన సారు ఈయనే" అంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి పిల్లలకు పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ప్రభుత్వ గుర్తింపున్న బడి వివక్ష చూపకూడదు. సారు వివక్ష చూపలేదు, సీట్లే చూపలేదు. మూడో శాలువా ఒక షోరూం వారికి, "ఉపాధి కల్పనలో ఆదర్శం" అని. అదే చట్టంలో, ప్రైవేటు యజమానులు తమ సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులను పెట్టుకునేలా ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇవ్వాలని ఉంది, అయితే ఆర్థిక స్తోమత మేరకు. షోరూం వారు తమ స్తోమత మేరకు గ్రూపు ఫోటో దిగారు. సర్కారు కొలువుల సంగతీ అంతే. 4 శాతం రిజర్వేషనులో ఆటిజం, మేధోవైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం అన్నిటికీ కలిపి ఒక్క శాతం. ఒకే సీటులో అయిదుగురిని కూర్చోబెట్టడం మన పల్లె ఆటోవాళ్లకే చేతనవుతుందనుకున్నాను ఇన్నాళ్లూ.

ముఖ్య అతిథి మాట్లాడుతూ పిల్లలకు ఫోన్లు ఇవ్వడం వల్లే ఆటిజం వస్తోందని, తల్లులు మారాలని సెలవిచ్చారు. 1943లో లియో కానర్ 11 మంది పిల్లలను గమనించి రాసినప్పుడు వాళ్ల చేతుల్లో ఏ కంపెనీ ఫోనుందో ముఖ్య అతిథే చెప్పాలి. తల్లుల మీదికి తోయడం కొత్తేమీ కాదులెండి. తల్లి మనసు మంచుగడ్డ కాబట్టే బిడ్డ ఇట్లా అయిందని ఒకప్పుడు పేరున్న వైద్యులే రాశారు. ఆ మాట తప్పని తేలినా ముఖ్య అతిథుల దాకా ఇంకా చేరలేదు.

ఆయన మైకు వదలకపోయేసరికి నాకొక ఆలోచన వచ్చింది. ఆటిజాన్ని కొలవడానికి మన దేశంలో ఒక కొలబద్ద ఉంది. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ తయారుచేసింది. 40 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. 70 వస్తే ఆటిజం ఉన్నట్టు. ఎదుటివారి కళ్లలోకి చూస్తాడా, తన వంతు వచ్చేదాకా ఆగుతాడా, అన్నమాటే అంటున్నాడా, ఇట్లా సాగుతాయి. వేదిక మీదివాళ్లకు మార్కులు వేద్దామని పెన్ను తీశాను. రెండో ప్రశ్న దగ్గరే ఆపేశాను, ఆ పిల్లలను అవమానించినట్టవుతుందని. ఈ పిల్లాడు కళ్లలోకి చూడకపోతే అది వాడికి కష్టం కాబట్టి. ముఖ్య అతిథి జేజి కళ్లలోకి చూడకపోవడానికి కారణం కెమెరా ఇంకో పక్కన ఉండటం.

గంటన్నర సభలో ఒక్కరంటే ఒక్కరు నిరామయ పేరు ఎత్తలేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద నడిచే ఆరోగ్య బీమా అది. ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చుతో సహా. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టుకు స్లాటు ఎట్లా దొరుకుతుందో, ఆరు వేల పింఛనుకు ఏ కాగితాలు కావాలో, మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో కూడా చెప్పలేదు. జేజి వచ్చింది అవి తెలుసుకోవడానికే. ఆమె చేతికి దొరికింది ఒక జిలేబీ పొట్లం.

పనిచేసేవాళ్లు లేరని కాదు. 1969 నుంచి అనంతపురం నేలను అంటిపెట్టుకున్న ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ ఇలాంటి పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడుపుతోంది. హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ ఇన్‌స్టిట్యూట్ 1968 నుంచీ ఉంది. వాళ్లకు నీలం బల్బులు కట్టాలన్న ఆలోచన ఎందుకు రాలేదో మరి.

మా పిల్లాడి అసలు థెరపీ ధర్మవరంలో ఉంది. జేజి పుట్టిల్లు అక్కడే, ఇంట్లో మగ్గం. నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది. అదే చప్పుడు, అదే చప్పుడు. వాడు దాని పక్కన రెండు గంటలు కదలకుండా కూర్చుంటాడు. చప్పుడులో ఏ కాస్త తేడా వచ్చినా మొదట తలెత్తేది వాడే. మగ్గం మీదున్న వాడి మామ అప్పుడు పోగు తెగిందేమోనని చూసుకుంటాడు. ఒకే పని వెయ్యిసార్లు చేస్తే మామకు కూలి వస్తుంది, చీరకు పేరు వస్తుంది. మేనల్లుడికి మాత్రం సర్టిఫికెట్టు వస్తుంది.

చివర్లో పిల్లాడిని కూడా వేదికెక్కించారు. ధర్మవరం పట్టు శాలువా, జరీ అంచు. మెడకు తగలగానే విదిలించి కింద పడేసి, కెవ్వుమని అరిచాడు. చొక్కా వెనక లేబులు కూడా కత్తిరించి తొడగాల్సిన పిల్లాడు వాడు. ఆ కత్తిరింపు మా వీధి దర్జీ చేస్తాడు, డబ్బులడగకుండా. "చూడండి, ఎంత ఉద్వేగానికి లోనయ్యాడో" అన్నాడు వ్యాఖ్యాత. చప్పట్లు మోగాయి. వాడు ఇంకా గట్టిగా అరిచాడు.

బయటకు తీసుకొచ్చి, కొత్తచెరువు రోడ్డు మీద కాస్త దూరం నడిపించాం. జేజి వాడి జుట్టు సవరించి, "ఈపొద్దు మంగళవారం కదా, పాండి" అంది. మంగళవారం కటింగ్ షాపులన్నీ బందు. అయినా ఆమె సందులో ఒక షాపు దగ్గర ఆగింది. షట్టరు సగమే లేచి ఉంది. వంగి లోపలికి పోయాం. టీవీ లేదు, రేడియో లేదు, ఫ్యాను కూడా ఆపి ఉంది. ట్రిమ్మరు మిషను ఒక గుడ్డ కింద దాక్కుంది. కత్తెర ఒక్కటే. షాపాయన పిల్లాడి చేతికి దువ్వెన ఇచ్చి, ముందు తన జుట్టు దువ్వించుకున్నాడు. ఆ తర్వాతే కత్తెర పట్టాడు.

"అన్నా, సన్మానాల పట్టీలో నీ పేరు రాయిస్తా, వచ్చే ఏడు వస్తావా?" అన్నాను.

"ఎప్పుడు పెడతారు?"

"ఈసారి పెట్టినట్టే, మంగళవారం."

"మంగళవారం నాకు కుదరదప్పా" అన్నాడు కత్తెర ఆపకుండా. "పనుంటాది."

"పనుంటాది" అన్నాడు పిల్లాడు.