నన్ను ఫ్రిజ్‌లో పెట్టకండి

మేం ముగ్గురు అక్కచెల్లెళ్ళం. ఒకే పరీక్ష కోసం పుట్టిన వేలెడు ప్లాస్టిక్ ట్యూబులం. ఒక్కొక్కరికి పట్టేది మిల్లీలీటరు రక్తం. పెద్దక్కలో రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ తప్ప గోడకు ఇంకేమీ పూయలేదు. చిన్నదాని లోపలి గోడకు రాజ్మా జాతి గింజల్లో ఉండే పదార్థం పూశారు. కిడ్నీ మార్చుకున్న మనిషి రక్తాన్ని కిడ్నీ ఆకారపు గింజతో పరీక్షించడం ఎవరి చమత్కారమో! నేను నడిమిదాన్ని. నా గోడకు ఎండి అంటుకున్నవి సైటోమెగాలోవైరస్ ప్రోటీన్ల ముక్కలు. ముక్కలే సుమా, వైరస్ కాదు. నా వల్ల ఎవరికీ జ్వరం రాదు.

ఆ వైరస్ మన దేశంలో పెద్దవాళ్ళలో చాలామందికి చిన్నప్పుడే సోకి, జన్మంతా ఒంట్లోనే పడి ఉంటుంది. తెల్లకణాల్లో ఒక రకమైన టీ కణాలు కాపలా ఉన్నంతకాలం దాని ఊసే తెలియదు. కానీ కొత్త కిడ్నీ మీద పడేదీ ఆ టీ కణాలే. అందుకని ఆపరేషన్ రోజుల్లో చాలామందికి ఏటీజీ ఇంజక్షన్‌తో వాటిని ఊడ్చేస్తారు, ఆపైన టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ మాత్రలతో తలెత్తనివ్వరు. కాపలా పోగానే వైరస్ లేస్తుంది. జ్వరం, విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం, ఒక్కోసారి ఊపిరితిత్తులకు, కొత్త కిడ్నీకే ముప్పు. అది రాకుండా నెలల తరబడి వాల్‌గాన్‌సైక్లోవిర్ మింగిస్తారు. ఖరీదైన మాత్ర. పైగా అదీ తెల్లకణాలను తగ్గించేదే. మరి ఎప్పుడు ఆపాలి?

టాక్రో లెవెల్ చూస్తే రక్తంలో మందెంతుందో తెలుస్తుంది. పీసీఆర్ చేస్తే వైరస్ ఎంతుందో తెలుస్తుంది, అదీ లేచాక. వాచ్‌మన్ మెలకువగా ఉన్నాడో లేదో తెలుసుకోవడానికి దొంగ వచ్చేదాకా ఆగాలా? గేటు దగ్గర కాస్త చప్పుడు చేస్తే సరిపోదూ? ఆ చప్పుడే నేను. నాలోని ముక్కలను గుర్తుపట్టిన టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. దాన్ని కొలిస్తే సంగతి తేలుతుంది.

నేను కోరేది పెద్దగా ఏమీ లేదు. పక్కనున్న నల్ల గీత దాకా రక్తం నింపాలి. గోడకున్నదంతా కలిసేలా ఓ పదిసార్లు ఊపాలి, అడుగున ఉన్న జెల్ చెదిరేంత పూనకంగా కాదు. పదహారు గంటల్లోపు 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. అంతవరకు గది వేడిలోనే ఉంచాలి. ఇదంతా ప్యాకెట్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది. ఎవరూ మడత విప్పని కాగితం అది.

మా కంటే ముందు వెళ్ళిన ముగ్గురి గతి చెబితే నాకిప్పటికీ మంట. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఆటో డ్రైవర్, జీవన్‌దాన్ అవయవదాన జాబితాలో ఏళ్ళు ఎదురుచూసి కిడ్నీ పొందినవాడు, సాయంత్రం రక్తం ఇచ్చి వెళ్ళాడు. ల్యాబ్‌లో ఉన్న కుర్రాడు మూడింటినీ జాగ్రత్తగా, ఎంతో ప్రేమగా, ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికెళ్ళాడు. చల్లగా ఉంటే పాడవదని! పాలు కాదు నాయనా, మేం మోసేది బతికున్న కణాలను. చలికి బిగుసుకున్నవి ఏ చప్పుడుకు లేస్తాయి? పొద్దున టెక్నీషియన్ చూసి నెత్తి కొట్టుకుని వాటిని పారేసింది. అక్కరకు రాకుండానే పోయాయి.

ఆటో డ్రైవర్‌ను మళ్ళీ పిలిపించారు.

"ఏంది సిస్టర్, మళ్ళా రక్తం ఇయ్యాల్నా? మొన్ననే ఇచ్చిన గదా."

"ఏమనుకోకన్నా, శాంపిల్ ఖరాబైంది. ఈసారి నేనే చూసుకుంట."

టెక్నీషియన్ అన్నట్టే చూసుకుంది. గీత దాకా నింపి, ఊపి, గంట తిరక్కుండా ఇంక్యుబేటర్‌లో నిలబెట్టింది. ఆ రాత్రి నా బతుకంతా. వెచ్చదనంలో టీ కణాలు ఒక్కొక్కటీ వచ్చి గోడ తడిమాయి, పాత శత్రువును పోల్చుకున్నాయి. చిన్నదానిలోనైతే గోలే గోల. ఆ గింజ సరుకు ఎలాంటి టీ కణాన్నైనా లేపుతుంది. దానికీ ఉలుకూ పలుకూ లేకపోతే రిపోర్టులో 'ఇన్‌డిటర్మినేట్' అని రాస్తారు. కాపలా మొత్తం సొమ్మసిల్లి ఉండవచ్చన్న కబురు అది. దాన్ని ఏ జవాబూ రాలేదన్నట్టు పక్కన పెట్టేస్తారే, నాకు నచ్చదు. పెద్దక్కలో ఊరికే ఉన్న ఇంటర్‌ఫెరాన్ ఎంతో చూసి, నా లెక్కలోంచి తీసేస్తారు. మిగిలింది 0.2 యూనిట్లు దాటితే కాపలా ఉన్నట్టు. మాది దాటింది.

గొప్ప చెప్పుకుంటున్నానని కాదు గానీ, స్పెయిన్‌లో ఏటీజీ పడిన కిడ్నీ రోగుల మీద చేసిన అధ్యయనం 2022లో అచ్చయింది. మాలాంటి పరీక్ష మాట విని వాల్‌గాన్‌సైక్లోవిర్ ఆపినవారికి, మూడు నెలలూ మింగినవారి కంటే వైరస్ జబ్బు ఎక్కువేమీ రాలేదు. తెల్లకణాలు పడిపోవడం మాత్రం బాగా తగ్గింది. అలాగని నన్ను సర్వజ్ఞురాలిని చేయకండి. నాకు తెలిసింది ఒక్క వైరసే. 1971లో ఒక రోగి పేరు పొడి అక్షరాలతో లోకానికి తెలిసిన బీకే వైరస్ కూడా కిడ్నీని తినేదే, దాని సంగతి నన్నడిగితే చెప్పలేను. నా మాట చెల్లేది కూడా ఆ నాటికే. రేపు రిజెక్షన్ వచ్చి మళ్ళీ ఏటీజీ ఇస్తే ఈ కాపలా మళ్ళీ పోతుంది.

నా పైన తేలిన ప్లాస్మా తీసుకున్నాక, అవసరమైతే మళ్ళీ చూడవచ్చని నన్ను ఎక్కడ పెట్టారో తెలుసా? ఫ్రిజ్‌లో. ఇక చలి ఎంతున్నా నాకు నష్టం లేదు కాబట్టి మహా శ్రద్ధగా లేబుల్ అంటించి, తలుపు బిగించి మరీ పెట్టారు. ఆటో అన్న రిపోర్టు పట్టుకుని కౌంటర్‌కు వచ్చినప్పుడు గొంతు విన్నాను. డాక్టరుగారు ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశారట, తర్వాత టాక్రో లెవెల్. మా కాగితం ఫైల్లో అడుగున ఉండిపోతే ఇతనే తీసి చూపించాడట. వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్ర ఆపారు, నెల నెలా పీసీఆర్ చేయించుకోమన్నారు.

నా పని అయిపోయి, ఇప్పుడు ఆసుపత్రి చెత్త వేసే ఎరుపు సంచిలో ఉన్నాను, సెలైన్ గొట్టాల మధ్య. ఆటోక్లేవ్ ఆవిరిలో ఉడికించి, తర్వాత తునకలు చేసి రీసైక్లింగ్‌కు పంపుతారట. బకెట్ అవుతానో పైపు అవుతానో. ఏదైనా సరే, గీత దాకా నింపలేదన్న నింద మాత్రం నా మీద పడదు.