గీత పక్కన కుర్చీ

నేను మడత కుర్చీని. ఇనుప గొట్టాల కాళ్లు, నీలం రంగు పాలిస్టర్ గుడ్డ, కుడిచేతి వైపు కాఫీ కప్పు పెట్టుకోవడానికి వల సంచి, ఆట లేని రోజుల్లో నన్ను దూర్చి ఉంచే పొడుగాటి గలీబు. ఇదీ నా ఆస్తి. పుట్టింది చైనాలో. 2014 వసంతంలో టెక్సాస్‌కు, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో ఊళ్లో ఒక తెలుగింటికి చేరాను. ఆ ఇంటి పాపకు అప్పుడు ఏడేళ్లు. సాకర్ జట్టులో పేరు రాయించారు. పార్కు మైదానాల్లో తల్లిదండ్రులకు బెంచీలు ఉండవు, ఎవరి కుర్చీ వాళ్లే మోసుకెళ్లాలి. అలా వచ్చాను వాళ్లింటికి.

ఫ్రిస్కోలో బంతాటకు కొదవ లేదు. ఎఫ్‌సీ డాలస్ క్లబ్బు స్టేడియం ఇక్కడే ఉంది. దాని చుట్టూ పదిహేడు మైదానాలు. దేశపు సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్ కూడా 2018 నుంచి ఆ స్టేడియంలోనే ఉంటోంది. 2026 ప్రపంచకప్‌లో తొమ్మిది మ్యాచ్‌లు దక్కించుకున్న ఆర్లింగ్టన్ కూడా ఇక్కడికి దూరమేమీ కాదు. నేను తిరిగినవి మాత్రం ఆ పెద్ద చోట్లు కావు. బెర్ముడా గడ్డి, చలికాలమంతా ఎండిపోయి మే నెలకు మళ్లీ పచ్చబడే మామూలు పార్కులు. నన్ను విప్పే ముందు నాన్న గడ్డిని బూటుతో ఒకసారి రాసి చూసేవాడు. ఇక్కడి ఎర్రచీమలు కుడితే తెల్లటి చీము పొక్కులు లేస్తాయి. పుట్ట లేదని తేలాకే నా కాళ్లు నేలకు ఆనేవి.

మైదానానికి ఒక పక్క జట్లు, ఎదుటి పక్క తల్లిదండ్రులు. ఆట నా కళ్లముందే సాగేది, కానీ నాకు అర్థమయ్యేది మాత్రం నాన్న వీపు వల్లే. మన జట్టు దగ్గర బంతి ఉంటే ఆయన వెనక్కి వాలేవాడు. బంతి మన గోల్ వైపు వస్తుంటే బరువంతా ముందుకొచ్చి నా ముందు కాళ్లు మట్టిలోకి దిగేవి. ఆట ఎటు నడుస్తోందో నాకు వేరే చెప్పాల్సిన పని లేదు.

చిన్నప్పుడు ఆ ఆట చూడముచ్చటగా ఉండేది. అటు నలుగురు, ఇటు నలుగురు, మూడో సైజు బంతి, దాని చుట్టూ పిల్లలంతా ఒకే గుంపు. పెద్దయ్యేకొద్దీ మైదానం పెరిగింది, బంతి పెరిగింది. ఏడుగురు, తర్వాత తొమ్మిది మంది, పదమూడో ఏటికి పదకొండు మంది, అయిదో సైజు బంతి. ఈ లెక్కను 2017లో దేశమంతటికీ ఒకటే చేశారు. పదేళ్లు, అంతకు తక్కువ వయసున్న పిల్లలు బంతిని తలతో కొట్టకూడదని అంతకు రెండేళ్ల ముందే నిబంధన వచ్చింది. ఎదిగే మెదడుకు దెబ్బ తగలకూడదని. మంచి నిబంధన. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

ఆ నిబంధన విని ఆశ్చర్యపోయిన మనిషి తాత. సికింద్రాబాద్ తిరుమలగిరి నుంచి ఆరునెలలు ఉండిపోదామని వచ్చాడు. ఆ కాలమంతా నా మీద కూర్చున్నది ఆయనే, నాన్న పక్కన నిలబడేవాడు. తాత మాటల్లో రెండు పేర్లు తరచూ వినబడేవి. ఒకటి, వాళ్ల పక్కనున్న అమ్ముగూడలో పుట్టి భారత జట్టుకు ఆడిన తులసీదాస్ బలరామ్. రెండోది రహీం సాబ్. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. అప్పటికే క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది, మరుసటి ఏడాదే పోయాడు. ఆ రహీం సాబ్ హైదరాబాద్ కుర్రాళ్లకు ఒక వింత టోర్నమెంటు పెట్టేవాడు. ఎవరికి ఏ కాలు చేతకాదో ఆ కాలితోనే ఆడాలి.

తాత మనవరాలికి అదే పెట్టాడు. ఇంటి వెనక కంచెకు బంతి కొట్టిస్తూ, నేను చూస్తుండగానే, "గట్ల కాదు బిడ్డా, కుడికాలు మరిచిపో. ఎడమ కాలుతోని కొట్టు" అనేవాడు. పిల్ల కొడితే బంతి పక్కింట్లో పడేది. అది ఏడ్చేది. తాత బంతి తెచ్చి మళ్లీ ఎడమ కాలి ముందే పెట్టేవాడు.

నాన్న పద్ధతి వేరుగా ఉండేది. మొదట్లో గీత పక్కన నుంచి ఒకటే అరుపులు, "కొట్టు, పాస్ ఇవ్వు, వెనక్కి రా!" పిల్ల ఆగి ఆయన వైపు చూసేది, ఈలోగా బంతి పోయేది. ఒక శనివారం తల్లిదండ్రులెవరూ నోరెత్తకూడదని లీగ్ వాళ్లు నియమం పెట్టారు. ఆ ఉదయం ఆయన నా చేతుల్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే కుడివైపు కుట్టు ఊడింది. అమ్మ తర్వాత దారంతో కుట్టింది, ఆ కుట్టు ఇప్పటికీ ఉంది. పిల్ల ఆ రోజు ఒక్కసారి కూడా మా వైపు తిరగలేదు. తన పాటికి తాను ఆడుకుంది. ఆ తర్వాత నాన్న అరవడం మానేశాడు. నా దృష్టిలో ఆయన సాధించిన గొప్ప పని అదే.

మా పిల్ల గొప్ప ఆటగత్తె కాదు. లెఫ్ట్ బ్యాక్. జట్టులో పరుగు తక్కువ, ఓపిక ఎక్కువ. అయినా పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆడగలిగిందంటే, సరదా లీగుల్లో పాతుకున్న ఒక మంచి కట్టుబాటు వల్ల. 1964లో కాలిఫోర్నియాలో మొదలైన ఏవైఎస్‌ఓ అనే సంస్థ, జట్టులో ఉన్న ప్రతి పిల్లా కనీసం సగం ఆట ఆడాల్సిందేనంది. అలాంటి నియమం లేకపోతే మా పిల్లలాంటి వాళ్లు పదేళ్లకే బెంచీ మీద కూర్చుని, పన్నెండేళ్లకు మానేసి ఉండేవాళ్లు. 2020లో కరోనా వచ్చి ఆటలు ఆగిపోయినప్పుడు నేను గ్యారేజీలో ఉండిపోయాను. మళ్లీ మైదానాలు తెరిచిన రోజు నన్ను బయటికి తీసింది తనే.

చివరి మ్యాచ్ 2025 మే నెలలో. శనివారం పొద్దున పదిన్నర. అంటే తాతకు రాత్రి తొమ్మిది. ముసలాయన ఇప్పుడు అంత దూరం విమానం ఎక్కలేడు. నాన్న వీడియో కాల్ కలిపి, ఫోన్ను నా వల సంచిలో నిలబెట్టి, మైదానం కనిపించేలా సర్దాడు. "బాపూ, కనబడుతున్నదా?" అన్నాడు. "కొద్దిగ పైకి లేపు" అన్నాడు తాత. ఆట మొదలయ్యే ముందు బడి ముగిస్తున్న అమ్మాయిలకు కోచ్ తలా ఒక గులాబీ ఇచ్చాడు, వాళ్లు వచ్చి తల్లుల చేతుల్లో పెట్టారు. అమ్మ పువ్వు పట్టుకుని మళ్లీ కూర్చోలేకపోయింది. గీత పొడవునా అటూ ఇటూ నడుస్తూనే ఉంది.

నాన్న ఫోటోలు తీయలేదు. రెండో సగంలో స్కోరు 1-1. పదినిమిషాలు మిగిలి ఉండగా అవతలి జట్టుకు కార్నర్ దొరికింది. మా పిల్ల గోల్‌లో ఎడమ గుంజ పక్కన నిలబడింది. బంతి గాల్లో వచ్చి ఎవరి భుజానికో తగిలి, గోల్‌కీపర్ చేతుల కింద నుంచి నెమ్మదిగా గీత వైపు దొర్లసాగింది. నాన్న బరువు ఒక్కసారి ముందుకు వచ్చింది, నా కాళ్లు మట్టిలో దిగబడ్డాయి. బంతి తనకు ఎడమవైపు ఉంది. కుడికాలికి సర్దుకునే వ్యవధి లేదు. ఎడమ కాలితో ఒకే దెబ్బ. బంతి గీత మీదనుంచి లేచి మా వైపు దూసుకొచ్చి, ఒకసారి ఎగిరి, నా ముందు కాలికి తగిలి ఆగింది. వల సంచిలోంచి తాత కేక వినబడింది: "గదీ బిడ్డా!"

త్రో వాళ్లది. అవతలి జట్టు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. నాన్న బంతి తీసి ఆమె చేతికిచ్చాడు, మళ్లీ కూర్చున్నాడు. అంతే.

విజిల్ మోగేసరికి స్కోరు మారలేదు. రెండు జట్లూ వరుసకట్టి చేతులు కలుపుకున్నాయి. తల్లిదండ్రులు చేతులు పైకెత్తి ఎదురెదురుగా నిలబడితే అమ్మాయిలు ఆ వరుస మధ్యనుంచి పరుగెత్తారు. ఆ తర్వాత మా పిల్ల వచ్చి, మట్టి బట్టలతోనే నా మీద కూర్చుని, షిన్‌గార్డులు విప్పుతూ ఫోన్ తీసింది. "తాతా, చూశావా?" "చూసిన బిడ్డా. ఎడమ కాలే." ఇద్దరూ ఇంకేమీ మాట్లాడలేదు, నవ్వుకున్నారంతే. "డాడీ, ఆకలేస్తోంది" అంది తను.

ఆగస్టులో తను ఆస్టిన్‌లో చదువుకు వెళ్లింది. కాలేజీ జట్టులో ఆడదు. వెళ్లే ముందే నన్ను వీధి చివరి తెలుగువాళ్లకు ఇచ్చారు, వాళ్ల పాప అయిదేళ్లది, ఇప్పుడే చేరింది. ఆ పాప నాన్న శనివారం పొద్దున దాన్ని మైదానంలో దింపి, కాఫీ తాగి ఆట అయ్యాక వస్తానంటున్నాడు. అయ్యా, వెళ్లకండి. నేను కారులోనే ఉన్నాను. తీసి విప్పండి, ఆట అయ్యేదాకా కూర్చోండి.