పిడి పద్యం: టీకా, తాత్పర్యం, కొంత వ్యాఖ్య

మూలం

పిడిని మార్చనెంచి బేరమాడెడి ముందు
చదర మేకు పొడవు చక్కఁ గొలువు
మరల నడుమ నెడము మఱవక లెక్కించి
కుడియొ యెడమొ తెలిసి కొనుము పిదప

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ మల్లినాథ సూరి రెండు నియమాలు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయడు, అక్కర్లేనిది చెప్పడు. ఆయనది మన మెదక్ ప్రాంతపు కొల్చారం అంటారు కాబట్టి, హైదరాబాదు ఫ్లాటులో కూర్చుని వ్యాఖ్యకు పూనుకున్నవాడు ఆ నియమాలు తప్పకూడదు. చిక్కేమిటంటే, కిటికీ పిడి మీద మన వాఙ్మయంలో మూలమే లేదు. వాతాయనాల్లోంచి ఊరేగింపు చూసిన పురస్త్రీలు కావ్యాల నిండా ఉన్నారు గాని, ఆ వాతాయనం గడియ పట్టేస్తే వాళ్లేం చేశారో ఏ కవీ చెప్పలేదు. అందుచేత మూలాన్ని కూడా వ్యాఖ్యాతే రాసుకోవలసి వచ్చింది. ఇందులో ఒక సుఖం ఉంది. 'కవి హృదయం ఇది కాదు' అని ఎవరూ పేచీ పెట్టలేరు.

సందర్భం అందరికీ తెలిసిందే. చెక్క కిటికీల కాలంలో కొక్కెం ఊడితే వడ్రంగి వచ్చి రెండు మేకులు కొట్టి పోయేవాడు. యూపీవీసీ కిటికీకి మేకు కొట్టడానికి లేదు. అది లోపలంతా బోలు గదులు, ఆ గదుల్లో ఉక్కు పట్టీలు. పీవీసీని మెత్తగా, వంగేలా చేసే ఉపాయాన్ని 1926లో వాల్డో సెమన్ అనే అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. ఆ ఉపాయం జోలికి పోకుండా, గట్టిగానే ఉంచేసిన పీవీసీతో చేసింది ఈ కిటికీ. కిటికీ గట్టిగానే ఉంది. కొన్నేళ్లకు పిడి చేతిలోకి వచ్చింది. ఆ ఊడిన పిడిని చేత్తో పట్టుకుని హాల్లో నిలబడిన గృహస్థే ఇక్కడ నాయకుడు.

ప్రతిపదార్థం

పిడిని = హ్యాండిలును; మార్చన్ + ఎంచి = మార్చుకోదలచి; బేరము + ఆడెడి ముందు = దుకాణంలో ధర అడిగేముందు; చదర మేకు = స్పిండిలు యొక్క; పొడవు = నిడివిని; చక్కన్ = సరిగా; కొలువు = కొలుచుకో; మరల నడుమన్ = రెండు స్క్రూల మధ్య; ఎడము = దూరాన్ని; మఱవక = మరచిపోకుండా; లెక్కించి = మిల్లీమీటర్లలో రాసుకొని; కుడియొ = కుడి పిడియో; ఎడమొ = ఎడమ పిడియో; తెలిసి = తెలుసుకొని; పిదపన్ = ఆ తరువాత; కొనుము = కొనుక్కో.

తాత్పర్యం

పిడి కొనేముందు పాతదాన్ని కొలుచుకో. పరీక్షకు ఇంతవరకు చాలు. కిటికీకి చాలదు.

వ్యాఖ్య

'పిడిని' అన్నాడు. ఏ పిడిని? రెక్క తలుపులా తెరుచుకునే కిటికీకి ఉండే, తొంభై డిగ్రీలు తిరిగే పిడిని. ఈ పిడి స్వయంగా కిటికీని మూయదు. దాని వెనక నుంచి చదరపు మేకు ఒకటి రెక్క లోపలి గేరులోకి దిగుతుంది. పిడి తిప్పితే గేరు తిరిగి, రెక్క అంచు వెంట ఉన్న ఉక్కు పట్టీని పైకో కిందికో జరుపుతుంది. పట్టీ మీది బొడిపెలు చట్రంలోని గూళ్లలోకి దూరి బిగుసుకుంటాయి. మూసేది పట్టీ, తిట్లు తినేది పిడి. ఈ సంగతి తెలియనివాడికి పద్యంలో రెండో పాదం నుంచి ఏమీ అర్థం కాదు.

'మార్చనెంచి'. కవి 'మార్చి' అనలేదు, 'మార్చెడి' అనలేదు. ఎంచమన్నాడు. ఎంచడమంటే తప్పు ఎవరిదో తేల్చడం. పద్యం మొత్తానికి ఆయువుపట్టు ఈ మాటే కనుక ఇక్కడ కాసేపు ఆగుదాం. పిడి బిగుసుకుపోయింది అనుకోండి. రెక్కను బార్లా తెరిచి, తెరిచి ఉండగానే పిడి తిప్పి చూడాలి. అప్పుడు హాయిగా తిరిగి, మూసినప్పుడే మొరాయిస్తే పిడి నిర్దోషి, గేరూ నిర్దోషి. రెక్క బరువుకు కిందికి వాలింది, బొడిపెలు గూటికి ఎదురుగా లేవు. సరిచేయవలసింది బందుల దగ్గర, లేదా అద్దం కింద పెట్టే ప్లాస్టిక్ ముక్కల దగ్గర. అక్కడ కొత్త పిడి వేసి బలంగా తిప్పితే కొత్త పిడి కూడా విరుగుతుంది. ఈ పిడుల్లో చాలా వాటిని జింకు మిశ్రమ లోహం కరిగించి అచ్చుపోసి చేస్తారు. ఆ లోహం వంగదు, ఫట్‌మంటుంది.

తెరిచి ఉన్నా బిగువుగానే ఉంటే దోషం గేరుదో పట్టీదో. దుమ్ము పట్టి ఎండిపోయి ఉండవచ్చు, కాస్త నూనెకు లొంగవచ్చు. పిడి గిరగిరా తిరుగుతూ లోపల ఏదీ కదలకపోతే మాత్రం పిడిని విప్పి చూడాల్సిందే. మేకు మూలలు అరిగి గుండ్రపడ్డాయా, మేకు బాగానే ఉండి గేరులోని చదరపు రంధ్రం పగిలిందా? పక్క గది కిటికీ పిడి తీసి ఇక్కడ పెట్టి తిప్పితే క్షణంలో తేలిపోతుంది. అది పట్టి తిప్పగలిగితే పిడి కొనండి, తిప్పలేకపోతే గేరు కొనండి. రెక్క మూసి ఉండగా పిడి విరిగిపోయినవాళ్లు కూడా కంగారుపడనక్కర్లేదు. మేకు ముక్క మిగిలి ఉంటే కటింగ్ ప్లేయరుతో పట్టి మెల్లగా తిప్పవచ్చు, లేకుంటే పక్క గది పిడే దిక్కు.

శంక: ఇంత ఎంచడం దేనికి, పిడి చవకే కదా, మార్చి చూస్తే పోలేదా? సమాధానం: పోలేదు. వాలిన రెక్కను పిడితో బలవంతపెట్టే ఇంట్లో చివరికి గేరు పోతుంది. గేరు తీయాలంటే రెక్క అంచునున్న పట్టీ మొత్తం విప్పాలి. పిడితో పోయేదాన్ని అంతదాకా తెచ్చుకోవడం గృహస్థధర్మం కాదు.

'బేరమాడెడి ముందు'. రాణిగంజ్ కొట్లో మొదటి ప్రశ్న 'సైజెంత సార్?' అనే ఉంటుంది. 'కిటికీ సైజా?' అని ఎదురడిగినవాడికి ఆ పూట బేరం సాగదు. పాత పిడిని జేబులో వేసుకుని వెళ్లడం ఉత్తమం. ఫోటో పంపడం మధ్యమం, అదీ పక్కన స్కేలు పెట్టి తీస్తేనే. స్కేలు లేని ఫోటోలో అన్ని మేకులూ ఒకే పొడవు.

'చదర మేకు'. దీని మందం 7 మిల్లీమీటర్లు. యూరప్ పద్ధతిలో చేసిన కిటికీ పిడులన్నిటికీ దాదాపు ఇదే కొలత. తలుపు పిడుల మేకు సాధారణంగా 8 మిల్లీమీటర్లు ఉంటుంది, అది ఇందులో దూరదు. 'ఒక్క మిల్లీమీటరే కదా' అని సుత్తి అందుకునేవాళ్లను కవి లెక్కలోకి తీసుకోలేదు. మందం మారదు కనుకనే 'పొడవు' మాత్రం కొలవమన్నాడు. మేకులు 15 నుంచి 40 దాకా, ఇంకా పొడుగు కూడా దొరుకుతాయి. పొడవంటే పిడి అడుగుభాగం నుంచి బయటికి పొడుచుకొచ్చిన మేర మాత్రమే. పిడి లోపల దాగిన భాగం లెక్కలోకి రాదు.

పొట్టిదైతే గేరును కొసతోనే పట్టుకుంటుంది. మొదటి వారం బాగానే తిరుగుతుంది, తరువాత గేరు రంధ్రాన్ని కొరికేస్తుంది. పొడుగుదైతే పిడి రెక్కకు ఆనదు, సందు కనబడుతుంది. రెంటిలో పొడుగే మేలు. పొడుగుదాన్ని హాక్సా బ్లేడుతో కోసి ఆకురాయితో కొస సాపు చేసుకోవచ్చు. పొట్టిదాన్ని లాగి సాగదీసే విద్య ఇంకా రాలేదు. కొలిచేటప్పుడు పిల్లల జామెట్రీ బాక్సు స్కేలు వాడితే జాగ్రత్త. దాని సున్న అంచు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. సున్న సరిగ్గా అంచు దగ్గరే మొదలయ్యే ఉక్కు స్కేలు ఈ పాదానికి సరైన ఉపకరణం.

పాఠభేదం: 'చక్కఁ గొలువు' అన్నచోట కొందరు 'చూచి కొలువు' అని చదువుతారు. కంటితో కొలిచేవాళ్ల పాఠం ఇది. చకారంలోని అత్వానికీ ఊత్వానికీ మైత్రి లేదు కనుక యతి చెడింది. కిటికీ కూడా చెడుతుంది. అగ్రాహ్యం.

'మరల నడుమ నెడము'. ముందుగా, మరలేవీ? పిడిని ఎంత తేరిపార చూసినా ఒక్క స్క్రూ కనబడదు. సగటు గృహస్థు ఇక్కడే ఓడిపోయి మనిషిని పిలుస్తాడు. మరలు మూత కింద ఉంటాయి. పిడిని అడ్డంగా తిప్పి, అడుగునున్న మూతను కొద్దిగా పైకెత్తి పక్కకు తిప్పితే పైనొకటి, కిందొకటి బయటపడతాయి. కొన్నిట్లో మూత తిరగదు, గోటితో ఊడదీసే చిన్న బిళ్ల ఉంటుంది. ఈ రెండు మరల నడిమి దూరం ఎక్కువగా 43 మిల్లీమీటర్లు. 'మఱవక లెక్కించి' అని ఎందుకన్నాడంటే, ఈ 43 ఎంత మామూలంటే అందరూ ఉందనే అనుకుంటారు, ఎవరూ కొలవరు. ఎవరో ఒకరి కిటికీకి అది వేరుగా ఉంటుంది. ఆ ఒకరు మనమే అయ్యే అవకాశాన్ని కవి వదిలిపెట్టలేదు.

రంధ్రం నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు కొలవడం చేతకాని పని. పై రంధ్రపు పై అంచు నుంచి కింది రంధ్రపు పై అంచు దాకా కొలవండి, అదే దూరం వస్తుంది. ఈ ఉపాయం మూలంలో లేదు గాని అపేక్షితమే.

మరల పొడవు సంగతి కూడా ఇక్కడే. కొత్త పిడి అడుగు మందం పాతదానికి సమానమైతే పాత మరలే వేసుకోవచ్చు. మరీ పొడుగు మర రెక్క లోపల వేరేదానికి తగిలి ఆగిపోతుంది, పిడి మాత్రం వదులుగానే ఉంటుంది. డ్రిల్లు మిషనుతో బిగించేవాళ్లు పుణ్యాత్ములు, కొట్టువాడికి మళ్లీ బేరం ఇస్తారు. చేత్తో, ఆగినచోట ఆపాలి. అతిగా బిగిస్తే పిడి మెడ పట్టేసి తిరగదు.

'కుడియొ యెడమొ'. నిటారు పిడికి ఈ భేదం లేదు. మెడ పక్కకు వంచిన పిడికే కుడి, ఎడమలు. చట్రానికి వేళ్లు రాసుకోకుండా ఉండటానికి ఆ వంపు. తప్పుది తెస్తే వంపు గోడవైపు తిరిగి, పిడి తిప్పినప్పుడల్లా వేళ్ల కణుపులు చిట్లుతాయి. కుడి అంటే ఏది కుడి అన్నదానిపై దుకాణాల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఒకరు బందులున్న వైపును బట్టి అంటారు, ఇంకొకరు వంపు తిరిగిన వైపును బట్టి. కనుక మాటను నమ్మక, గది లోపల నిలబడి తీసిన ఫోటోను చూపడమే ప్రమాణం.

'తెలిసి కొనుము'. శ్లేష. కలిపి చదివితే తెలుసుకో, విడదీస్తే తెలిసి, అటుపైన కొను. రెండర్థాలూ చెల్లుతాయి. మొదటిది చేయకుండా రెండోది చేసినవాళ్ల పిడులు మన ఇళ్లలో ఫ్రిజ్ పైన ఉంటాయి.

ఛందస్సు ఆటవెలది. ఆడుతున్న పిడికి ఇంకే ఛందమూ నప్పదు.

ఆక్షేపం: ఈ పద్యానికి అవ్యాప్తి దోషం ఉంది, అంటే వర్తించవలసిన చోట వర్తించదు. నిజమే. ఇంగ్లండులో పాత ఇళ్లు అద్దెకు తీసుకున్న మనవాళ్లకు కాక్‌స్పర్ పిడి ఎదురవుతుంది. దానికి మేకే లేదు. పిడి ముక్కు నేరుగా చట్రం మీది దిమ్మను కరుచుకుంటుంది. అక్కడ కొలవవలసింది పిడి అడుగు నుంచి ముక్కు కింది అంచు దాకా ఉన్న ఎత్తు. ఆ ఎత్తు తేడా వస్తే పిడి దిమ్మను అందుకోదు, లేదా దానిమీద ఎక్కి కూర్చుంటుంది. ఇక మన స్లైడింగు కిటికీల్లో కొన్నిటికి మేకు బదులు రెండు కాళ్ల ఫోర్కు ఉంటుంది. వాళ్లు రెండో పాదంలో 'మేకు' తీసి 'కాళ్లు' వేసుకుని, కాళ్ల మధ్య దూరం కూడా కొలుచుకోవాలి. గణం చెడదు, 'చదర' అన్నది మాత్రం అబద్ధమవుతుంది.

కవి మౌనం పాటించినవి ఇంకా ఉన్నాయి. దోమతెర మాటే ఎత్తలేదు. బయటికి తెరుచుకునే అద్దం రెక్క, లోపలికి తెరుచుకునే దోమతెర రెక్క, మధ్య సందులో పిడి. ఇది మన ఇళ్ల ఏర్పాటు. అందమైన లావు పిడి తెచ్చి బిగిస్తే దోమతెర మూతపడదు, దోమలకు రాజద్వారం. పాత పిడి ఎంత ముందుకు పొడుచుకొచ్చిందో అది కూడా రాసుకోవడం తెలుగువాడి అదనపు పాదం. విశాఖలో సముద్రం వైపు కిటికీలున్నవాళ్లు పిడి కంటే ముందు మరల సంగతి చూడాలి. ఉప్పుగాలికి మామూలు ఇనుప మరల తలలు తుప్పుపట్టి, విప్పేనాటికి గాడి కూడా మిగలదు. స్టెయిన్‌లెస్ మరలు విడిగా కొనుక్కోవడం నయం. ఎనిమిదో అంతస్తులో చిన్నపిల్లలున్న ఇంటికి తాళంచెవి ఉన్న పిడి మంచిది. చెవి పిల్లలకు అందకూడదు, అగ్నిప్రమాదమప్పుడు పెద్దలకు వెతుక్కోకుండా దొరకాలి.

'పిదప'. కొన్నాక ఏం చేయాలో ఈ ఒక్క మాటలో దాచాడు. గేరు ఏ స్థితిలో ఉందో కొత్త పిడిని అదే స్థితిలో ఉంచి దూర్చాలి. గేరు మూసిన స్థితిలో ఉంటే పిడీ మూసిన స్థితిలోనే. చదరపు మేకు నాలుగు విధాలా దూరుతుంది కాబట్టి తప్పుగా దూర్చినా అడ్డు చెప్పదు. తరువాత పిడి తెరిచినట్టు కనబడితే కిటికీ మూసి ఉంటుంది. కింద పాత దుప్పటి పరిచి పని మొదలుపెట్టాలి, లేకుంటే జారిన మర నేరుగా స్లైడింగు ట్రాకులోకో కింది అంతస్తు బాల్కనీలోకో పోతుంది. రెండు మరలూ ముందు సగమే బిగించి, పిడి నిటారుగా ఉందో లేదో చూసి, ఆ తరువాత పూర్తిగా బిగించాలి. బిగించిన వెంటనే కిటికీ మూసి చూడాలని చేయి ఉబలాటపడుతుంది. మూయకూడదు. రెక్క తెరిచి ఉండగానే పిడిని అటూ ఇటూ నాలుగైదు సార్లు తిప్పి, అంచున బొడిపెలు కదులుతున్నాయని కంటితో చూసిన తరువాతే మూయాలి. లోపం ఉంటే తెరిచి ఉన్న రెక్క మీద పిడిని మళ్లీ విప్పి సరిచేసుకోవచ్చు. మూశాక తెలిస్తే, పక్క గది పిడి మళ్లీ ఊడదీయాలి.