అడాప్టరు వీపు మీది శాసనం: సటీకా తాత్పర్యం

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచల మల్లినాథసూరిది మెతుకుసీమలోని కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన పెట్టుకున్న నియమం. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మాదాపూర్‌లో బల్లబల్లకూ ఒక లఘుగ్రంథం వెలిసింది, ల్యాప్‌టాప్ అడాప్టరు వీపు మీద, బూడిదరంగులో, ఆవగింజంత అక్షరాలతో. రోజూ పట్టుకునేవాళ్లు వేలమంది, చదివినవాళ్లు అరుదు. అందుకే ఈ టీక.

మూలం: ఐఎస్ 13252 (పార్ట్ 1). దాని కింద ఆర్, ఒక అడ్డగీత, ఎనిమిది అంకెలు.

ప్రతిపదార్థం: ఐఎస్ = భారతీయ ప్రమాణమగు; 13252 = ఐటీ పరికరముల భద్రతను గూర్చినదగు; పార్ట్ 1 = సాధారణ నియమములు గల మొదటి భాగమునకు లోబడి; ఆర్ = రిజిస్టరైనదై; ఎనిమిది అంకెలు = ఫలానా కర్మాగారమున పుట్టినదని చాటునవి. 'ఓ కొనుగోలుదారుడా!' అన్న సంబోధన అధ్యాహార్యం.

తాత్పర్యం: దీన్ని చేసిన ఫ్యాక్టరీ, మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తించిన ల్యాబులో నమూనా పరీక్ష చేయించుకుని నంబరు పుచ్చుకుంది. ఫ్యాక్టరీ విదేశంలో ఉంటే, రేపు తేడా వస్తే అడగడానికి ఇక్కడో ప్రతినిధిని కూడా చూపించాలి.

విశేషమంతా ఆ ఎనిమిది అంకెల్లోనే ఉంది. నంబరు బ్రాండుది కాదు, ఫ్యాక్టరీది. ఒకే కంపెనీ అడాప్టర్లు రెండు ఊళ్లలో తయారైతే రెండు నంబర్లు. పక్కపక్క సీట్లవాళ్లు పోల్చుకుని ఒకటి నకిలీ అనుకోనక్కర్లేదు, రెండూ ప్రామాణిక పాఠాలే. పాఠాంతరం కూడా ఉంది. ఈ రిజిస్ట్రేషన్ పద్ధతికి ఎలక్ట్రానిక్స్ శాఖ 2012లో ఉత్తర్వు ఇచ్చింది. మొదట 15 రకాల వస్తువులు, తర్వాతి విడతలో అడాప్టర్లు. ఆ తొలినాళ్ల సరుకు మీద ఇప్పటి ముద్ర లేదు, 'ఈ ప్రమాణానికి లోబడి ఉన్నామని స్వీయప్రకటన' అనే పొడుగాటి వాక్యం ఉండేది. పాత అడాప్టర్లు దాచుకున్నవాళ్ల డ్రాయర్లలో ఆ తాళపత్రాలు ఇంకా దొరుకుతాయి.

ఐఎస్ఐ ముద్ర దారి వేరు. దానికి అధికారులు ఫ్యాక్టరీకి వెళ్లి చూసి లైసెన్సు ఇవ్వాలి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు, దిగుమతైనవాటికి సైతం, అది తప్పనిసరి.

ఇక్కడ ఒక పూర్వపక్షం. 'సీఈ అని ఉంది కదండీ, యూరప్ వాళ్లే ఒప్పుకున్నారు!' శిల్పారామం దారిలో బండి మీద చార్జరు కొనేవాడి వాదన ఇది. సమాధానం: చాలా వస్తువుల మీద సీఈ తయారీదారు తనకు తాను వేసుకునేదే. అది యూరప్ మార్కెట్‌కు పనికొచ్చే మాట, మన చట్టం ముందు చెల్లదు. అక్షరాల మధ్య ఎడం తక్కువైతే అది 'చైనా ఎక్స్‌పోర్ట్' ముద్ర అన్న కథ మాత్రం ప్రక్షిప్తం. అలాంటి ముద్ర ఉన్నట్టు తమకు తెలియదని యూరోపియన్ కమిషన్ ఎప్పుడో చెప్పింది.

డల్లాస్ నుంచి వదినగారు తెచ్చిన హెయిర్ డ్రయ్యరుది మరో చిక్కు. దాని మీది అమెరికా భద్రతా గుర్తు యూఎల్ అసలుదే, పరీక్షా నిజమే, కాకపోతే 120 వోల్టుల దేశంలో. కొండాపూర్ ఫ్లాట్‌లో 230 వోల్టుల సాకెట్లో పెడితే ఆ ప్రమాణం రక్షించదు.

మిగతా గుర్తులు సులభం. చతురస్రంలో చతురస్రం ఉంటే రెండు పొరల ఇన్సులేషన్, మూడో పిన్ను అక్కర్లేదు. ఇల్లు బొమ్మ ఉంటే లోపలే వాడాలి.

మల్లినాథుడి నియమం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. నంబరు ముద్రించడం ఎవడికైనా చేతనవును, దానికి మూలం ఉందా అన్నదే ప్రశ్న. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆర్ నంబరు కొడితే తయారీదారు, బ్రాండు, వస్తువు పేరు వస్తాయి. చార్జరు మీది నంబరుకు యాప్ 'పవర్ బ్యాంక్' అని చెబితే, శ్లోకం ఒకరిది, మకుటం మరొకరిది అన్నమాట.

పెద్ద అంగళ్లలో కొన్నా ఈ పని తప్పదు. 2025 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం దగ్గరి అమెజాన్ గోదాములో బీఐఎస్ హైదరాబాద్ అధికారులు ధ్రువీకరణ లేని వస్తువులు 2,700 పైచిలుకు జప్తు చేశారు. చార్జర్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్ వాచీలు ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ మాత్రం స్టీలు నీళ్ల సీసాలు. వాటి ప్రమాణం వేరు, దానికి టీకా వేరే రాయాలి.